మూడో అంతస్తు ఆయమ్మ

విదేశీ విద్యార్థుల హాస్టలుకి వార్డెను కాకముందు ఆమె యూనివర్సిటీలో టెలిఫోన్ ఆపరేటరు. ఆఫీసు భవనం మెట్ల కింద, కిటికీ కూడా లేని గదిలో, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని వయసంతా గడిపింది. ఎవరి గొంతయినా ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ వాళ్ళు ఫోనెత్తి "హలో" అనేలోపే మనిషిని పోల్చేసేది. రిజిస్ట్రారు గారు ఇంట్లో పోట్లాడి వచ్చారో లేదో ఆయన దగ్గుని బట్టి చెప్పేదని అప్పట్లో పేరు. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేశాయి, ఎక్స్ఛేంజి మూతపడింది. ఆమెని ఎక్కడ సర్దాలో ఎవరికీ తోచలేదు. "ఈవిడకి మాట్లాడటం వచ్చు కదా, ఆ పరాయి దేశాల పిల్లల దగ్గర వేసెయ్యండి" అన్నారెవరో. వేసేశారు.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. "నీ మాట వాళ్ళకి రాదు, వాళ్ళ మాట నీకు రాదు. నోరు మూసుకుని ఎలా బతుకుతావే బాబూ!" అని ఆటపట్టించాడు.

"నోరు మూసుకోవడం ఎందుకు? వాళ్ళకే నేర్పిస్తా" అందామె.

అన్నంత పనీ చేసింది. ఏ దేశం పిల్ల వచ్చినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి బ్యాంకు ఖాతా తెరిపించేది, సిమ్ కార్డు ఇప్పించేది, పోలీసు స్టేషన్లో పేరు నమోదు చేయించేది. వాళ్ళు తెచ్చుకున్న ప్లగ్గులు ఇక్కడి సాకెట్లలో పట్టవు కాబట్టి సొరుగు నిండా అడాప్టర్లు పెట్టుకునేది. కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి రోజుల్లో అన్నీ అడుగుతారని, కొన్నాళ్ళకి అడగడం మానేస్తారని, అడగడం మానేసినప్పుడే మెట్లెక్కి వెళ్ళి తలుపు తట్టాలని ఆమెకి అనుభవం మీద తెలిసింది. పిల్లలందరూ ఆమెని వార్డెనమ్మా అని పిలిచేవారు. ఆ పిలుపు వింటే ఆమెకి కడుపు నిండిపోయేది. నా కళ్ళు కప్పి ఈ భవనంలో చీమ కూడా మెట్లెక్కదు అని తోటి ఉద్యోగుల దగ్గర అంటూండేది. అది గొప్పకి అన్న మాట కాదు. నిజంగానే అలా నమ్మింది.

ఆ ఏడు వచ్చినవాళ్ళలో ఒక పొడుగమ్మాయి ఉంది. గుమ్మాల కింద తల వంచుకుని నడిచేది. రసాయనశాస్త్రం చదవడానికి వచ్చింది. ఇక్కడి భాష తన దేశంలోనే ఏదో పాత పుస్తకం చూసి నేర్చుకుందట, అచ్చు ఆ పుస్తకంలాగే మాట్లాడేది. "మేడమ్, నా గదియందు దీపము వెలుగుట లేదు" అని మొదటి రోజునే ఫిర్యాదు చేస్తే వార్డెనమ్మ నవ్వాపుకోలేక వెనక్కి తిరిగి దగ్గింది.

దింపడానికి ఆ అమ్మాయి తల్లి కూడా వచ్చింది. నీలం కోటు, మెళ్ళో పూసల దండ, చక్కగా దువ్వి ముడేసుకున్న జుట్టు. ఆవిడకి ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. ఒక్క వాక్యం మాత్రం కూతురి దగ్గర బట్టీపట్టి వచ్చింది. స్వాగత సభ అయిపోయాక వార్డెనమ్మ రెండు చేతులూ పట్టుకుని, ప్రతి మాటా విడివిడిగా, "నా బిడ్డని చూసుకోండి" అంది.

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి. ఇక్కడ దీనికి అమ్మని నేనే" అని వార్డెనమ్మ ఆవిడని కావలించుకుంది.

నాలుగు రోజులు పోయాక, అమ్మ వెళ్ళిపోయిందా అని అడిగితే ఆ అమ్మాయి "వెళ్ళినది" అంది.

హాస్టలు శుభ్రం చేసే పని ఒక ఏజెన్సీ చేతిలో ఉండేది. వాళ్ళ మనుషులు ఈ నెల ఉంటే వచ్చే నెల ఉండరు. ఎవరు ఎప్పుడు మానేశారో, ఎవరు కొత్తగా చేరారో వార్డెనమ్మ పట్టించుకునేది కాదు, నేల తడిగా ఉందా లేదా అనేదే చూసేది. అందుకే మూడో అంతస్తు వరండాలో బూడిదరంగు స్కార్ఫు కనుబొమలదాకా లాక్కుని, తలవంచుకుని తడిగుడ్డ పెడుతున్న మనిషి కనబడినప్పుడు ఆగి చూసిందంతే.

"కొత్తగా చేరావా ఆయమ్మా?"

ఆ మనిషి తలూపింది.

"మాటలు రావా? సర్లే. ఇవిగో, ఇవి వేసుకుని చెయ్యి" అని స్టోరు గదిలోంచి రబ్బరు తొడుగులు, ఒక ఏప్రన్ తెచ్చి ఇచ్చింది. కిటికీల వైపు వేలు చూపించి, "కిటికీలు. అవి కూడా. కిటికీలు!" అని రెండుసార్లు చెప్పింది, అర్థం కావాలని కాస్త గట్టిగా.

మర్నాటికి కిటికీలు తళతళలాడాయి. ఆ తర్వాత మూడో అంతస్తు అద్దంలా ఉండేది. "ఇన్నాళ్ళకి ఆ ఏజెన్సీవాళ్ళకి ఒక్క పనిమంతురాలు దొరికిందయ్యా" అని ఇంట్లో చెప్పింది కూడా. ఒకసారి మాత్రం ఆ ఆయమ్మ పొడుగమ్మాయి గది తలుపుకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని కూర్చుని కనిపించింది. వార్డెనమ్మ చిటికె వేసి లేపింది. "ఇక్కడ కూర్చోకూడదు. పిల్లలు చదువుకుంటారు. లే, లే!" ఆ మనిషి గభాలున లేచి, బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది.

చలి మొదలవబోతున్న రోజులవి. మధ్యాహ్నం పూట మూడో అంతస్తు పిల్లలకి మందపాటి దుప్పట్లు పంచుతోంది వార్డెనమ్మ. పక్కన నిలబడి కట్టలు విప్పుతున్నది పరాయి దేశం నుంచే వచ్చిన పరిశోధక విద్యార్థి ఒకతను. ఎన్నేళ్ళుగానో థీసిస్ రాస్తూనే ఉన్నందుకు పిల్లలు అతన్ని తాతయ్య అంటారు. బల్బులు మార్చేదీ, కొత్తవాళ్ళ మాటలు ఆమెకి విడమరిచి చెప్పేదీ అతనే. వరండాలో వరస కట్టారు. పొడుగమ్మాయి వంతు వచ్చింది. దుప్పటి అందుకోబోయిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కళ్ళు ఎటో నిలిచిపోయాయి. "ఏంటమ్మాయ్?" అని వార్డెనమ్మ అనేలోపు అంత మనిషీ నిలువునా కూలిపోయింది. ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఎవరూ కదల్లేదు. వార్డెనమ్మ చేతుల్లో దుప్పటి అలాగే ఉంది. ఎవరో అమ్మాయి కెవ్వుమంది. ఎవరో తాళంచెవి తీసి పిల్ల చేతిలో పెట్టబోయారు.

అప్పుడు వరండా చివర బకెట్ దభాలుమని పడింది. నీళ్ళు పారుతుండగానే ఆయమ్మ పరుగెత్తుకొచ్చింది. తాళంచెవి పట్టుకున్నవాడిని ఒక్క తోపు తోసింది. మోకాళ్ళ మీద కూలబడి పిల్లని పక్కకి తిప్పింది. తల మీది స్కార్ఫు లాగి, మడిచి, పిల్ల తల కింద పెట్టింది. ఏదో భాషలో, పిల్లకి మాత్రమే చెబుతున్నట్టు, అవే మాటలు మళ్ళీ మళ్ళీ చెప్పింది. తల ఎత్తి, చుట్టూ మూగినవాళ్ళని చేత్తో వెనక్కి నెడుతూ, "నా బిడ్డ! నా బిడ్డ!" అని అరిచింది.

ఆ గొంతు వార్డెనమ్మకి తెలుసు. స్వాగత సభ రోజు తన రెండు చేతులూ పట్టుకుని మాట్లాడిన గొంతు అది. స్కార్ఫు లేని ఆ ముఖాన్ని చూసింది. చక్కగా దువ్వి ముడేసుకున్న జుట్టు అక్కడే ఉంది. పూసల దండ మాత్రం లేదు. ఇన్నాళ్ళూ రోజుకి రెండు మూడుసార్లు పక్కనించే నడిచి వెళ్ళింది తను.

ఒళ్ళు కొట్టుకోవడం ఆగాక, తాతయ్యా ఇంకో ఇద్దరూ కలిసి పొడుగమ్మాయిని గదిలోకి మోసుకెళ్ళి పడుకోబెట్టారు. వార్డెనమ్మ వెనకాలే లోపలికి వెళ్ళి నిలువుగుడ్లేసుకుని చూస్తూ నిలబడింది. బల్ల మీద రెండు కప్పులు. గ్లాసులో రెండు బ్రష్షులు. మంచం కింద చుట్టిపెట్టిన పల్చటి పరుపు. తలుపు వెనక మేకుకి నీలం కోటు.

బయటికొచ్చి ఏజెన్సీ సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది.

"మూడో అంతస్తులో పనిచేసే ఆయమ్మ..."

"మూడో అంతస్తులో మా మనిషి లేదు కదండీ!" అన్నాడతను. "మీరే ఎవర్నో పెట్టుకున్నారని మావాళ్ళు చెప్పారు. పని బ్రహ్మాండంగా ఉందన్నారు. సరేలే అని మా మనిషిని లైబ్రరీకి మార్చేశాను. ఏం, ఏమైంది?"

"ఏం లేదు" అంది వార్డెనమ్మ. ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి పొడుగమ్మాయి తేరుకుంది. యూనివర్సిటీ క్లినిక్ డాక్టరమ్మ వచ్చి చూసి మందు రాసి వెళ్ళింది. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది, ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది. వార్డెనమ్మని చూడగానే ఆ అమ్మాయి లేవబోయింది.

"మేడమ్, మమ్ములను క్షమింపుడు. ఈమె నా తల్లి. నన్ను పంపివేయవలదు."

ఇంకెప్పుడైనా అయితే ఆ పుస్తకం మాటలకి నవ్వొచ్చేది.

"ఎవరు పంపేస్తారమ్మా నిన్ను? నాకెందుకు చెప్పలేదు? ఫిట్స్ వస్తాయని ఒక్క మాట చెబితే..."

"మీరే చెప్పితిరి కదా."

"నేనా? ఏం చెప్పాను?"

"స్వాగత సభయందు. వ్యాధి ఉన్నయెడల ముందుగా తెలుపవలెను, లేనిచో ప్రవేశము రద్దగును అని. మేము ముందుగా తెలుపలేదు. అప్పటికే ఆలస్యమైనది."

నిజమే. సభ చివర్లో ఆ మాటలు చెప్పేది వార్డెనమ్మే. ఏటా చెబుతుంది. అప్పటికి అందరికీ ఆకలిగా ఉంటుంది కాబట్టి గబగబా, నవ్వు ముఖంతో చెప్పేస్తుంది. ఆ నవ్వు చూస్తూనే తల్లీకూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారట. చిన్నప్పుడు తమ దేశంలోనే ఒక బడివాళ్ళు ఇదే జబ్బు వంకతో పిల్ల పేరు కొట్టేశారట. బస్టాండుదాకా వెళ్ళిన తల్లి, ఎక్కబోయి, పెట్టెతో సహా వెనక్కి తిరిగి వచ్చేసింది. వీసాకి ఇంకా గడువుంది. ఒకరోజు గదిలోంచి బయటికొస్తే ఎదురుగా ఎవరో వస్తున్నారు. ఏం చెయ్యాలో తోచక గోడకి ఆనించి ఉన్న మాప్ కర్ర చేతిలోకి తీసుకుంది. ఆ వస్తున్నది వార్డెనమ్మే.

"మీ అమ్మగారు... అక్కడ ఇళ్ళల్లో పని చేస్తారా?" అని అడిగింది వార్డెనమ్మ, అంత బాగా తుడిచిందని గుర్తొచ్చి.

"లేదు మేడమ్. ఉన్నత పాఠశాలలో గణితము బోధించును. సెలవు పెట్టినది."

లెక్కల టీచరు. చిటికె వేసి లేపింది ఒక లెక్కల టీచర్ని. వార్డెనమ్మ మంచం అంచున కూలబడిపోయింది.

ఇంటికి వెళ్ళాక అన్నం ముందు కూర్చుని భర్తకి జరిగిందంతా చెప్పింది. భర్త మొదట నవ్వాడు. "లెక్కల టీచరు చేత కిటికీలు తుడిపించావా! నాకు బళ్ళో ఒక లెక్కల మాస్టారుండేవాడు, ఆయన చేత..." అంటూ ఆమె ముఖం చూసి మాట మింగేశాడు. "మరి ఆవిడెందుకు ఒప్పుకుందే? నాలుగు గోడల మధ్య ఎవరికీ కనబడకుండా ఉండొచ్చుగా?" అన్నాడు.

"తుడుస్తుంటే ఆ గది చుట్టూ ఎంతసేపైనా తిరగొచ్చు. ఎందుకున్నావని ఎవరూ అడగరు. నేను కూడా అడగలేదు."

మర్నాడు విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. ఉద్యోగం పోతుందని మనసులో సిద్ధపడే వెళ్ళింది. జరిగిందంతా చెప్పేసరికి ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇన్ని నెలలు ఒక మనిషి హాస్టల్లో ఉంటే మీకు తెలియలేదా?"

"తెలుసు సార్. రోజూ చూశాను. చూసి, కిటికీలు తుడవమన్నాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు.

"అసలు జబ్బుంటే పంపేస్తామని వాళ్ళకి ఎవరన్నారు?" అన్నాడు.

"మనమే సార్. నేనే అన్నాను, మీరు పక్కన కుర్చీలో ఉన్నారు." ఆ మాటలు యథాతథంగా అప్పజెప్పింది.

ఆఫీసరు ముఖం పాలిపోయింది. "అది... అది జబ్బు చెబితే క్లినిక్కులో ముందే ఏర్పాట్లు చెయ్యొచ్చని పెట్టిన మాటండీ. ఇంతవరకూ ఒక్కళ్ళని పంపలేదు. ఒక్కళ్ళని కూడా!"

"అది మనకి తెలుసు సార్. వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తాను వచ్చినప్పటినుంచీ ఆ మాట వింటూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా అది బెదిరింపులా వినబడలేదు. "ఇంతకుముందు ఎంతమంది విని నోరు మూసుకున్నారో" అన్నాడు తనలో తను అనుకున్నట్టు. ఆ తర్వాత చకచకా ఫోన్లు చేశాడు. తల్లికి అతిథుల గది ఇప్పించాడు. నరాల డాక్టరు దగ్గర చూపించే ఏర్పాటు చేశాడు. పొడుగమ్మాయి ఎదురు గదుల్లో ఉండేవాళ్ళకి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో డాక్టరమ్మ చేత చెప్పించాడు. శిక్ష మాటే ఎత్తలేదు.

వార్డెనమ్మకి అసలు కష్టమైన పని అతిథుల గది తలుపు తట్టడం. పొడుగమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళింది. "నేను చేసింది తప్పని చెప్పమ్మా మీ అమ్మకి. కూర్చున్న మనిషిని లేపాను. పేరడగలేదు" అంది. కూతురు చెప్పేదాకా ఆ తల్లి ఆగలేదు. నీలం కోటు వేసుకుని ఉన్న ఆవిడ ఒక్కసారిగా నిటారుగా నిలబడి, ముఖం గంటు పెట్టుకుని, వేలు చూపిస్తూ, "కిటికీలు! అవి కూడా! కిటికీలు!" అంది. అచ్చు వార్డెనమ్మ లాగే, అదే గట్టి గొంతుతో. ఈ భాషలో ఆవిడ నేర్చుకున్న రెండో పాఠం అదే. వార్డెనమ్మ బిత్తరపోయి చూసింది. ఆవిడ పకపకా నవ్వింది. కూతురు నవ్వింది. వార్డెనమ్మకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చి, కుర్చీలో కూర్చుని కొంగుతో ముఖం కప్పుకుంది.

మందు పనిచేసింది. ఫిట్స్ తగ్గుముఖం పట్టాయి. ఎదురు గది అమ్మాయి తన తలుపు ఓరగా వేసి పడుకోవడం అలవాటు చేసుకుంది. వీసా గడువు ముగిసేలోపే తల్లి వెళ్ళిపోయింది, ఈసారి నిజంగా. బస్సు కదిలేదాకా వార్డెనమ్మ అక్కడే ఉంది. "ఇక్కడ అమ్మని నేనే" అనే మాట మాత్రం మళ్ళీ అనలేకపోయింది.

అంతటితో అయిపోయిందనే అనుకుంది. కానీ పొడుగమ్మాయిని పంపెయ్యలేదన్న సంగతి హాస్టలంతా పాకింది. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం వార్డెనమ్మ గది తలుపు దగ్గర ఎవరో తచ్చాడారు. రెండో అంతస్తు అమ్మాయి. తనకి చక్కెర జబ్బు ఉందని, రోజూ సూది వేసుకుంటానని, మందు మెస్సు ఫ్రిజ్‌లో జామ్ సీసాలో దాస్తున్నానని చెప్పింది. ఆమె వెళ్ళగానే ఇంకొకతను. ఎడం చెవి వినబడదట. అందుకే క్లాసులో ముందు వరసలో కూర్చుంటానని, అందరూ తనని మేస్టార్ల చెంచా అనుకుంటున్నారని చెప్పాడు. ఇంకొకమ్మాయి చెప్పడానికి వచ్చి ఏమీ చెప్పకుండా ఏడ్చి వెళ్ళిపోయింది. వార్డెనమ్మ ఒక్కొక్కరి మాట వింటూ నోరెళ్ళబెట్టి కూర్చుంది. వీళ్ళందరికీ తను సిమ్ కార్డులు ఇప్పించింది. వీళ్ళలో ఎవరి సంగతీ తనకి తెలియదు.

అందరూ వెళ్ళాక తాతయ్య వచ్చాడు. బల్బు మార్చడానికనుకుని, "స్టోరు తాళం అక్కడుంది బాబూ" అంది.

"తాళం కోసం కాదు వార్డెనమ్మా." అతనికిప్పుడు ఇక్కడి మాట ఇక్కడివాళ్ళలాగే వచ్చేసింది. "మా నాన్న చనిపోయారు."

"అయ్యో! ఎప్పుడు? ఇవాళా? కబురెప్పుడొచ్చింది?" ఆమె గాభరాగా లేచి నిలబడింది. "టిక్కెట్టు... ఆఫీసరు గారికి ఫోన్..."

"నేను వచ్చిన రెండో ఏడు."

ఫోను కోసం చాచిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకుంది.

"స్వాగత సభకి హాలు అలంకరిస్తున్నాం కదా. నేను నిచ్చెన మీదున్నాను. మీరు కిందనించి రంగు కాగితాలు అందిస్తున్నారు. అప్పుడు ఫోనొచ్చింది. మీరు ఎవరని అడిగితే రాంగ్ నంబరన్నాను."

"ఎందుకు బాబూ? నాకెందుకు చెప్పలేదు?"

"ఆ రోజు మీరు చాలా సంతోషంగా ఉన్నారు" అన్నాడతను. "తర్వాత రోజు చెబుదామనుకున్నా. తర్వాత రోజు కూడా సంతోషంగానే ఉన్నారు."

వార్డెనమ్మకి ఆ రోజు గుర్తుంది. కాగితాలు వంకరగా అంటించావని అతన్ని కేకలేసింది. అతను నవ్వుతూ సరిచేశాడు. ఆ తర్వాత ఎన్నేళ్ళు! ఎన్ని బల్బులు, ఎన్ని దుప్పట్లు! కళ్ళముందు అంతా తిరిగిపోయింది. ఓదార్చే మాటలు చాలా వచ్చు ఆమెకి, ఒక్కటీ నోటికి రాలేదు. కుర్చీ లాగి అతని ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"మీ నాన్నగారు ఏం చేసేవారు?" అని అడిగింది.

"పడవలు బాగుచేసేవారు" అన్నాడతను. అని, కాసేపు తన చేతుల వంక చూసుకుని, చెప్పడం మొదలుపెట్టాడు.

ఎవరో తలుపు తట్టారు. "తర్వాత రండి" అంది వార్డెనమ్మ, అతని మీంచి చూపు తిప్పకుండానే.